బిగబట్టిన కాలు

మిషను వచ్చిన రోజు మధ్యాహ్నం ఆరుగురు అమ్మాయిల్లో ఎవరికీ అన్నం సయించలేదు. విశాఖపట్నం నుంచి జీపులో దిగిన ఆ మిషను చూడబోతే పెద్దదేమీ కాదు. టిఫిన్ క్యారియరంత పెట్టె, దాన్నుంచి వేలాడే రంగురంగుల తీగలు, పక్కన ఒక ల్యాప్‌టాప్, అంతే. కానీ దాన్ని తెచ్చిన నాగలక్ష్మి మేడం వరండాలో నిలబడి, ఇది తొడ కండరంలో పుట్టే కరెంటును కొలుస్తుందమ్మా అని చెప్పింది. కరెంటు అన్న ఒక్క ముక్కే పిల్లల చెవిన పడింది. మిగతాది ఎవరూ వినలేదు.

అరకు లోయలో రోడ్డుకు ఎగువన, సిల్వరోక్ చెట్ల మధ్య ఉన్న ఆ ఆటల హాస్టల్లో ఫెన్సింగ్ నేర్పడం మొదలై ఆ డిసెంబరుకు మూడేళ్ళు. చేత సన్నని కత్తి, మొహానికి జల్లెడలాంటి ముసుగు, తెల్లటి దళసరి కోటు. ఆడపిల్లలు ఒకరినొకరు పొడుచుకోవడం కూడా ఒక ఆటేనా అని మొదట్లో నవ్విన ఊళ్ళే, పేపర్లో ఫొటో పడ్డాక దాన్ని కత్తిరించి గోడకు అంటించుకున్నాయి. పిల్లల్ని అంతదాకా తెచ్చినవాడు కోచ్ వరహాలరావు. శ్రీకాకుళం వైపు మనిషి, పనిమంతుడు. ఒక్కటే లోపం, పైవాళ్ళంటే వణుకు. భయస్తుడి కోపం ఎప్పుడూ కిందివాళ్ళ మీదికే దిగుతుంది. కిందటేడు జట్టును ఏరడంలో పక్షపాతం చూపించాడని ఎవరో పైకి అర్జీ పెడితే, ఆయన్ను పిలిపించి ఒక పూటంతా నిలబెట్టారు. ఆ అవమానం ఆయనకు ఇంకా పచ్చిగానే ఉంది.

అందుకే ఆ సాయంత్రం పిల్లల్ని వరసలో నిలబెట్టి, మేడం వైపు చెయ్యి చూపించాడు.

"నాసిక్ పోటీలకి ఈపాలి నలుగురే ఎల్తారు. ఆ నలుగుర్నీ నాను ఏరను. ఈ మిసను ఏరతాది. ఎవుల తొడలో బలముందో అదే సెప్తాది. అంకెలు అబద్దమాడవు. రేపు నా మీద ఏలెట్టి సూపించడానికి ఎవులికీ నేదు."

నాగలక్ష్మి ఏదో అనబోయింది. అంతలోనే ఆగి, చేతిలోని ఫైలును గుండెలకు ఆనించుకుని కిందికి చూసింది. ఆ ఫైల్లో వరహాలరావు సంతకం పెట్టాల్సిన కాగితాలు మూడున్నాయని పిల్లలకు తెలియదు.

మిగిలిపోయే ఇద్దరి మాట ఆయన చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. జాతీయ పోటీలకు వెళ్ళని పిల్లకు మార్చి దాటాక హాస్టల్లో మంచం ఉండదు. పెట్టె సర్దుకోవడమే. కిందటేడు రక్త పరీక్షలని వచ్చినవాళ్ళు చిన్నమ్మలు అనే పిల్ల వేలిలో సూది గుచ్చి వెళ్ళారు. పది రోజుల్లో ఒక కాగితం వచ్చింది, చిన్నమ్మలు జి.మాడుగుల బస్సెక్కింది. మళ్ళీ రాలేదు. అప్పటినుంచి ఒంటిని పరీక్షించి కాగితం మీద రాసుకునేవాళ్ళంటే ఆ పిల్లలకు హడలు.

అందరి భయం ఒక ఎత్తు, సోని భయం ఒక ఎత్తు. దసరా సెలవుల్లో డుంబ్రిగుడ అవతల తన ఊళ్ళో, చోడికంకుల తట్ట నెత్తిన పెట్టుకుని కొండవాలు దిగుతుంటే కాలికింద రాయి దొర్లి, కుడి మోకాలు లోపలికి మెలిపడింది. వాపు వారంలో తీసింది. నొప్పి మాత్రం చిప్ప కింద గూడు కట్టుకుని కూర్చుంది. కత్తి కుడిచేత పట్టేవాళ్ళకు ముందుండేది కుడికాలే. ఆ కాలు మీద వాలకుండా ఫెన్సింగ్ లేదు. రెండు నెలలుగా సోని పళ్ళు బిగించి వాలుతోంది. నడిచేటప్పుడు కుంటు కనపడకుండా రెండు కాళ్ళనూ ఒకే తూకంలో వెయ్యడం నేర్చుకుంది. పొద్దున్నే అందరికంటే ముందు లేచి, బిగుసుకున్న మోకాలు సాగేదాకా నీళ్ళతొట్టి చుట్టూ తిరుగుతుంది. ఈ సంగతి తెలిసింది ఒక్క సరళకే. సరళది ముంచింగిపుట్టు వైపు. పక్క మంచం, ఒకే కంచం అన్నట్టు ఉంటారిద్దరూ. మాస్టారు మెట్ల మీద పరుగు పెట్టిస్తే సరళ వెనకే ఉండి, సోని ఆగినప్పుడల్లా తన బూటు లేసు ఊడిందని తనే ఆగేది.

తొడ లోపల ఏం జరుగుతుందో చెప్పే మిషను దగ్గర ఆ లేసు నాటకం పనికిరాదు.

బుధవారం నలుగురి వంతు. బ్యాట్లూ బంతులూ పెట్టే సామాన్ల గదిని ఖాళీ చేసి, అందులో ఒక బల్ల, ఒక చెక్క మెట్టు, గోడ మీద సుద్దగీతలు ఏర్పాటు చేశారు. నాగలక్ష్మి విజయనగరం దగ్గర పల్లె పిల్ల. ఇరవయ్యారేళ్ళుంటాయి. సన్నగా, ఎప్పుడూ ఏదో మరిచిపోయినట్టు చుట్టూ వెతుక్కుంటూ ఉంటుంది. కత్తి ఆట ఆడేవాళ్ళ తొడ కండరాన్ని ఏ వ్యాయామం ఎక్కువగా లేపుతుందన్నది ఆమె పరిశోధన. వ్యాయామాలు నాలుగు: గుంజీళ్ళు, గోడకుర్చీ, మెట్టెక్కడం, ముందడుగు. ముందడుగంటే వెనక కాలితో నేలను తన్ని, ముందు కాలిని బారుగా చాపి పొడవడం. దాని ఇంగ్లీషు పేరు తెలుగు చెవికి బూతుమాటలా తగులుతుందని మాస్టారు ఈ పేరు పెట్టుకున్నాడు. గుంజీళ్ళూ గోడకుర్చీ ఎక్కాలు రానివాళ్ళకు బళ్ళో వేసే శిక్షలే కదా, వాటి మీద కూడా పెద్ద చదువులుంటాయా అని రాజకుమారి అడిగితే, ఆ వారంలో మొదటిసారి అందరూ నవ్వారు.

సోని బల్ల మీద కూర్చుని నిక్కరు అంచు పైకి మడుచుకుంది. నాగలక్ష్మి దూదిని స్పిరిటులో ముంచి కుడి తొడను రుద్దింది. ఊరికే తుడవడం కాదు, గిన్నె మసి వదిలించినట్టు చర్మం ఎర్రబడేదాకా రుద్దింది. చలికి ఆ తడి సూదుల్లా దిగింది. ఇంత ఎందుకు మేడం అని సోని అడిగితే, చర్మం మీద నూనె గానీ చెమట గానీ ఉంటే బిళ్ళ సరిగా అంటదమ్మా, లోపల ఎంత బలమున్నా అంకె తక్కువొచ్చేస్తుంది అంది. చెప్పి, రూపాయంత బిళ్ళలు మూడు అంటించి, వాటికి తీగలు తగిలించింది.

తెర మీద పచ్చగీత చదునుగా పాకుతోంది. సోని లేచి నిలబడింది. భయానికి తొడ దానంతటదే బిగుసుకుంది. గీత ఒక్కసారిగా లేచి ముళ్ళకంపలా అయింది.

"వదులు చెయ్యమ్మా, ఇంకా మొదలెట్టలేదు."

సోని వదిలింది. గీత పడుకుంది. మళ్ళీ కాస్త బిగించి చూసింది. గీత లేచింది. అప్పుడు ఆమెకు ఒక సంగతి బోధపడింది. ఈ మిషను బలాన్ని చూడదు, బిగువును చూస్తుంది. పని చేసే కాలు ఏదో, ఊరికే బిగబట్టుకున్న కాలు ఏదో దానికి తెలియదు.

గోడకుర్చీ వేసినప్పుడు ఒంటి బరువంతా మెల్లగా ఎడమకాలి మీదికి జార్చేసి, కుడి తొడను మాత్రం పిడికిలిలా బిగించి పట్టుకుంది. గుంజీళ్ళలో అదే పని. మెట్టెక్కేటప్పుడు అదే పని. ముందడుగు దగ్గర బరువును ఎటూ జార్చడానికి లేదు. మోకాలి చిప్ప కింద మేకు దిగినట్టయింది. కింది పెదవి కొరుక్కుని, చూపును గోడమీది సుద్దగీత మీద నిలిపి, నాగలక్ష్మి చాలన్నదాకా అలాగే ఉంది. బిళ్ళలు పీకేటప్పుడు నాగలక్ష్మి ఆమె నుదుటి మీది చెమట చూసి, బాగా చేశావు అని మెచ్చుకుంది.

ఆ మెప్పు సోని గుండెలో రాయిలా పడింది. గదిలోంచి బయటికొచ్చాక మూడు సార్లు వెనక్కి తిరిగి చూసింది, ఎవరైనా పిలుస్తున్నారేమోనని.

మర్నాడు సంత. సోని తల్లి గంగ చింతపండూ అడ్డాకులూ అమ్ముకోవడానికి దిగి, కూతురికోసం కొబ్బరినూనె సీసాలో కొత్త వలిసె నూనె పోసి తెచ్చింది. వలిసెలు కోసి కొట్టాక ఆడించిన తొలి నూనె కూరలోకి పోసేముందు కాళ్ళకు రాసుకోవడం వాళ్ళింట్లో అలవాటు. కొండ తిరిగేవాళ్ళకు కాళ్ళే కదా ఆస్తి. గంగ గుక్కతిప్పుకోకుండా అన్నీ అడిగింది, తింటున్నావా, పడుకుంటున్నావా, మాస్టారు కొడుతున్నాడా అని. కాలెలాగుంది అనడిగితే తగ్గిపోయిందమ్మా అని సోని అబద్ధమాడింది. తల్లికి కూడా అబద్ధం చెప్పాక ఇక నిజం చెప్పడానికి మనిషి మిగలలేదని దారిలో అనిపించి ఏడుపొచ్చింది.

శుక్రవారం పొద్దున సరళ వంతు. అరకు చలికి కాళ్ళు పొట్టులేచి బూడిద పూసినట్టు తెల్లగా అయిపోతాయి. సరళ మంచం మీద కూర్చుని తన కాళ్ళు చూసుకుని సిగ్గుపడింది. ఈ కాళ్ళు చూస్తే పట్నం మేడం మనం నీళ్ళోసుకోమనుకుంటాది, సెంటు వాసనొచ్చే మనిషి ముందు ఇలా ఎలా కూర్చోను అంది. సోని నూనె సీసా తీసింది. కాసేపు ఎండలో పెట్టి, అరచేతుల మధ్య రుద్ది వెచ్చచేసి, సరళ పాదాలనుంచి మొదలుపెట్టి పైకి పట్టించింది. పిక్కలయ్యాయి. మోకాళ్ళయ్యాయి. తొడ మీద చెయ్యి వేసినప్పుడు నాగలక్ష్మి మాట గుర్తొచ్చింది. నూనె ఉంటే అంకె తక్కువొచ్చేస్తుంది.

చెయ్యి ఆగింది. ఎంతసేపో కాదు, ఒక ఊపిరి తీసేంత సేపు.

ఎలాగూ స్పిరిటు పెట్టి రుద్దుతారు కదా అని తనకు తనే చెప్పుకుంది. చెయ్యి మళ్ళీ కదిలింది. నూనె ఇంకేదాకా రాసి, జిడ్డు మెరవకుండా పాత తువ్వాలుతో పైపైన ఒత్తింది. సరళ కాళ్ళు నిగనిగలాడాయి.

సామాన్ల గదిలో సోని పని గడియారం చూసి ఈల వెయ్యడం. ముందు రాజకుమారి పరీక్ష అయింది. సరళ బల్లెక్కేసరికి స్పిరిటు సీసా అడుగంటింది. నాగలక్ష్మి దాన్ని తలకిందులు చేసి దూది మీద దులిపింది. చుక్క రాలలేదు. పది గంటలకు కరెంటు పోతుంది, ల్యాప్‌టాప్ బ్యాటరీ అరగంట కూడా ఆగదు. ఆమె గడియారం చూసుకుంది, తలుపు వైపు చూసింది, ఆఖరికి పొడిదూదితోనే సరళ తొడను నాలుగుసార్లు తుడిచి బిళ్ళలు అంటించేసింది.

సోని నోరు తెరిచింది. ఈల నోట్లోంచి జారి దారానికి వేలాడింది. మేడం, సరళ నూనె రాసుకుంది అని నాలుగు మాటలు చెప్తే చాలు. సరళ తనకంటే బలమైనదని సోనికి తెలుసు. మోకాలు బాగున్న రోజుల్లోనే పది పాయింట్లలో ఆరు సరళవి. మేడం తెరిచిపెట్టిన పుస్తకంలో చూసింది, బుధవారం నలుగురిలో తనకు మూడో చోటు. ఇప్పుడే రాజకుమారి తనను దాటేసింది. ఇక సరళ కూడా దాటితే తను అయిదోది.

"ఈల వెయ్యమ్మా," అంది నాగలక్ష్మి.

సోని ఈల వేసింది.

గోడకుర్చీలో సరళ తొడలు రాతిబండల్లా నిలిచాయి. తెర మీద గీత మాత్రం పీలగా, జ్వరమొచ్చినదానిలా కదిలింది. నాగలక్ష్మి నొసలు ముడేసి తీగలు కదిపి చూసింది, ఒక బిళ్ళను బొటనవేలితో అదిమింది. కరెంటు పోయింది. మిగిలిన మూడు వ్యాయామాలూ గబగబా చేయించి, వచ్చిన అంకెలు వచ్చినట్టే రాసుకుంది.

సాయంత్రానికి వరహాలరావు అంకెలు తీసుకుని వరస చెప్పేశాడు. సోని నాలుగు. సరళ ఆరు. సరళ పేరు చదివాక కాగితాన్ని ఒకసారి దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. ఇది తప్పేమోనని ఆయన మొహంలోనే ఉంది. కానీ అంకెలు అబద్ధమాడవని అన్నవాడు తనే. ఆదివారం ఉదయం నోటీసు అంటిస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

సరళ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. తన కత్తి తెచ్చి, పిడి విప్పి, గుడ్డతో తుడిచి, మళ్ళీ బిగించి దాని చోట పెట్టేసింది. ఆ తర్వాత పెట్టె తెరిచి, మోకాలికి వేసుకునే సాగుడు పట్టీ తీసి సోని ఒళ్ళో పెట్టింది.

"నాసిక్‌లో ఇది ఎట్టుకో. పట్టీ ఉంటే నీ మోకాలి సంగతి ఎవులికీ తెల్దు. నువ్వన్నా ఉండు."

తేలు కుట్టిన దొంగలా సోని ఆ పట్టీని పట్టుకుని కూర్చుంది. తను తెలిసి రాసిందా, తెలియక రాసిందా? చెయ్యి ఆగింది కాబట్టి తెలుసు. స్పిరిటుతో తుడుస్తారనుకుంది కాబట్టి తెలియదు. మరి ఈల? ఈల వేసినప్పుడు అన్నీ తెలుసు. ఎటు తిప్పి చూసినా ఆ ఈల దగ్గరికే వచ్చి ఆగుతోంది. శనివారం పొద్దున పరుగులో మాస్టారు సోనీ అని పిలిస్తే గుండె ఆగినంత పనైంది. ఆయన అడిగింది నీళ్ళసీసా.

ఇక దాచుకోవడం తన వల్ల కాలేదు. నేరుగా సామాన్ల గదికి వెళ్ళింది. నాగలక్ష్మి నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని తీగలు చుట్టలు చుడుతోంది. పన్నెండింటికి జీపొస్తుంది. సోని గుమ్మం దగ్గరే నిలబడి, నూనె సంగతి ఒక్క గుక్కలో చెప్పేసింది. నేనే రాశాను, మీరు పొడిదూదితో తుడిచారు, నేను చూసి కూడా ఊరుకున్నాను అంది. చెప్పేశాక తిట్టో దెబ్బో పడుతుందని తలవంచుకుంది. పెద్దవాళ్ళకు అప్పగించేస్తే ఇక వాళ్ళు చూసుకుంటారని, ఆ బరువు దిగిపోతుందని ఆమె ఆశ.

తిట్టు రాలేదు. తలెత్తి చూస్తే నాగలక్ష్మి మొహంలో నెత్తురు చుక్క లేదు. తీగల చుట్ట చేతిలోంచి జారి విడిపోయింది.

"ఎవరితోనైనా అన్నావా?"

"లేదు మేడం."

"అనకే. నీకు దణ్ణం ఎడతాను, ఎవులితోటీ అనకు." పట్నం మాట ఎక్కడిదక్కడ జారిపోయి, ఆమె నోట ఆమె ఊరి మాట వచ్చింది. "స్పిరిటు నేకుండా సేసినానని తెలిస్తే మా గైడు సారు మూడేళ్ళ పనంతా సెత్తబుట్టలో ఎయ్యమంటారు. మళ్ళీ ఈ మిసను నాకియ్యరు. నీ పేరు నలుగురిలో ఉంది కదే. నీకెందుకు ఇయ్యన్నీ?"

ఇన్నాళ్ళూ సోని ఎవరిని చూసి వణికిందో ఆ మనిషి తన ముందు నేలమీద కూర్చుని వణుకుతోంది. మాస్టారికి పైవాళ్ళ భయం. ఈమెకు గైడు సారు భయం. తనకు వీళ్ళిద్దరి భయం. అప్పగిద్దామంటే తీసుకునే పెద్దవాళ్ళు ఎవరూ లేరు. అది చూస్తే ధైర్యం రాలేదు, ఇంకా భయమేసింది. ఆ భయంలోనే రెండో మాట కూడా బయటికొచ్చేసింది.

"నాదీ అబద్ధమే మేడం. నా కుడి మోకాలు పోయింది. బరువు ఎడం కాలి మీదేసి, కుడిది ఊరికే బిగబట్టినాను. మీ మిసనుకి తెల్దు."

నాగలక్ష్మి పక్కనున్న పుస్తకం తెరిచి, సోని పేరున్న పేజీ చూసింది, సరళ పేరున్న పేజీ చూసింది. ఒకటి ఉన్నదానికంటే ఎక్కువ, ఒకటి ఉన్నదానికంటే తక్కువ. రెంటి కిందా ఆమె అందమైన చేతిరాతే. పుస్తకం మూసి పక్కన పెట్టింది. తర్వాత లేచి తలుపు బార్లా తెరిచి, వంటగదిలోంచి వేణ్ణీళ్ళూ సబ్బూ తెమ్మంది.

"ముందు నీది. బిగబట్టకు."

సోని గోడకు ఆనుకుని కూర్చుంది. బరువు రెండు కాళ్ళ మీదా సమంగా వేసింది. రెండు నెలల తర్వాత కుడి తొడను మొదటిసారి దాని మానాన వదిలింది. అది గడగడా వణికింది. గీత లేచినట్టే లేచి, మోకాలు పోటెత్తగానే చప్పబడిపోయింది. ముందడుగు చేయించకుండానే నాగలక్ష్మి ఆపేసింది. దగ్గరికొచ్చి మోకాలి మీద అరచెయ్యి ఉంచి, ఎన్నాళ్ళనుంచి అని అడిగింది. దసరా నుంచి అంది సోని. మోకాలు మొరాయించినప్పుడు తొడ కూడా పని మానేస్తుందని, బలవంతాన ముందడుగులు వేస్తుంటే కాలు పూర్తిగా పోతుందని నాగలక్ష్మి చెప్పింది. ఈ మాట నేను మాస్టారితో చెప్పను, అది నువ్వే చెప్పుకోవాలి అని కూడా అంది.

ఆ తర్వాత సరళను పిలిచారు. సబ్బుతో మూడుసార్లు కడిగి, తుడిచి, బిళ్ళలు అంటించారు. గోడకుర్చీకి గీత తెర పైఅంచును తాకింది. సరళ తెరను చూసింది, సబ్బునీళ్ళ బకెట్టును చూసింది, సోనిని చూసింది. సోని దాచలేదు. నూనె ఉంటే అంకె తగ్గుతుందని నాకు తెలుసు, రాస్తుంటే గుర్తొచ్చింది, గుర్తొచ్చీ ఊరుకున్నాను అని చెప్పింది. సరళ నిక్కరు మడత దించుకుని, ఒక్క మాటైనా అనకుండా బయటికి వెళ్ళిపోయింది.

జీపు వచ్చి హారను కొడుతుండగా వరహాలరావు గదిలోకొచ్చాడు. నాగలక్ష్మి నిలబడే చెప్పింది. శుక్రవారం నాటి అంకెల్లో తప్పు తనదేనంది. అసలు ఈ అంకెలు ఒక వ్యాయామాన్ని ఇంకో వ్యాయామంతో పోల్చడానికే గానీ ఒక పిల్లను ఇంకో పిల్లతో పోల్చడానికి కాదని, వీటితో జట్టును ఏరకూడదని చెప్పింది.

"మరి మంగళారమే సెప్పలేదేటి మేడం?"

"మీ సంతకం కావాలి సార్. భయపడ్డాను."

భయపడ్డానన్న మాటకు ఆయన కోపం దిగిపోయింది. కాసేపు చెక్కమెట్టును కాలితో అటూ ఇటూ నెట్టి, అయితే రేపు పొద్దున్న కత్తులే తేలుస్తాయి, ఎవరు అర్జీ పెట్టుకుంటారో పెట్టుకోండి అన్నాడు. ఫైలు లాక్కుని మూడు కాగితాల మీదా సంతకం గీకి ఆమె చేతిలో పెట్టాడు.

ఆ రాత్రి సరళ తన మంచాన్ని జరపలేదు. సోని వైపు తిరగనూ లేదు.

ఆదివారం పొద్దున మంచు ఇంకా విడవలేదు. గ్రౌండులో ముగ్గుతో బాట గీశారు. ఆరుగురూ తెల్లకోట్లు వేసుకుని వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరూ మిగతా అయిదుగురితో ఆడాలి. వరహాలరావు మొదటి జోడీ చదివాడు. సోని, సరళ.

ఇద్దరూ బాటకు చెరో కొసనా నిలబడి ముసుగులు దించుకున్నారు. జల్లెడ వెనక సరళ కళ్ళు కనపడలేదు. సోని కుడి తొడ అలవాటుగా బిగుసుకుంది. ఈ ఒక్క పూట బిగబట్టుకుంటే చాలు. అయిదు ఆటల్లో రెండు నెగ్గినా నాలుగో చోటు దొరకొచ్చు. మిషను వెళ్ళిపోయింది, చూసేవాళ్ళు లేరు. మేడం మాట ఇచ్చింది. సరళ చెప్పదు, మాట్లాడని కోపంలో కూడా ఆ పిల్ల చెప్పదు. మాస్టారు ఈల నోట్లో పెట్టుకున్నాడు. ఇంటికి పోవాల్సి వస్తుందన్న భయం అలాగే ఉంది, ఇసుమంతైనా తగ్గలేదు. కానీ ఇకముందు ప్రతి ఈలకూ ఇలాగే బిగుసుకుంటూ బతకాలన్న భయం దాన్ని మించింది.

ఆమె ముసుగు పైకెత్తింది.

"మాస్టారూ, నా మోకాలు బాగోలేదు. నేను ఆడలేను."

"ఏటయింది?"

"దసరాకి పడ్డాను. అప్పటి నుంచి."

"రెండు నెల్లా? రెండు నెల్లు ఏటి సేసినావే గుంటా?"

"దాసినాను."

వరహాలరావు ఈల జేబులో వేసుకుని వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. బొటనవేలితో చిప్ప చుట్టూ ఒత్తుకుంటూ పోయాడు. ఒకచోట సోని ఉలిక్కిపడింది. ఆయన అక్కడే వేలుంచి, తలెత్తకుండా, ఆలస్యంగా వచ్చినందుకు పోయిన వారం నీకు ఎన్ని ముందడుగులు ఏయించినాను అని అడిగాడు. రెండొందలు అంది సోని. ఆయన మొహం ముడుచుకుపోయింది. లేచి నిలబడి, మీ అమ్మకు కబురు పెడతాను, ఇంటికెళ్ళి కాలు బాగు చేసుకో అన్నాడు. ఉగాది దాటాక రా, అప్పటికి చోటుంటే చూద్దాం, ఉంటుందని మాత్రం చెప్పలేను అన్నాడు. తర్వాత రాజకుమారిని పిలిచి సరళ ఎదురుగా నిలబెట్టాడు.

సోని ముసుగు చంకలో పెట్టుకుని బాట దిగింది. అక్కణ్ణుంచి హాస్టలు వరండా వంద అడుగులుంటుంది. వెనక ఈల మోగింది, కత్తులు తాకిన చప్పుడైంది. తోటిపిల్లలు తనవైపు చూస్తున్నారని తెలుస్తూనే ఉంది. రెండు అడుగులు ఎప్పటిలాగే సమంగా వేసి, మూడో అడుగు దగ్గర మానేసింది. నొప్పి ఉన్న కాలిని నొప్పి ఉన్నట్టే నేలకు ఆనించి, అందరూ చూస్తుండగా, కుంటుకుంటూ వరండా వైపు నడిచింది.